మూడు రోజుల ఆట

తిరుత్తంగల్‌లో నేను పనిచేసే ప్రెస్సులో పోయిన వారం మధ్యాహ్నం కరెంటు పోయింది. టపాసుల పెట్టెల మీద వేసే బొమ్మలు కంప్యూటర్‌లో తయారుచేయడం నా పని. అది ఆగిపోయింది. అందరం టీ గ్లాసులు పట్టుకుని వరండాలోకి వచ్చాం. అక్కడ ఒకతను, నీకు అన్నిటికన్నా నచ్చిన వీడియో గేములు ఐదు చెప్పు అని నన్ను అడిగాడు. మా ప్రెస్సులో ఆ విషయంలో ఆఖరి మాట నాదే. కత్తి పట్టి కొట్లాడే యాక్షన్ ఆటలైనా, మనమే ఒక మనిషిని తయారుచేసుకుని, పేరు పెట్టి, కథలోకి దించి నడిపించే రోల్ ప్లేయింగ్ ఆటలైనా, కొనేముందు నన్నే అడుగుతారు. అడక్కపోయినా నేను చెబుతాను.

వేళ్ళు మడుస్తూ మొదలుపెట్టాను. మొదటి ఆట ఎందుకు గొప్పది? అందులో శత్రువు చెప్పి కొడతాడు కాబట్టి. రెండోది ఎందుకు? అందులో ఊళ్ళకు బావులున్నాయి కాబట్టి. అందరూ తలలూపుతున్నారు. మూడో వేలు మడవబోయి ఆగిపోయాను. ఇందులో నా మాట ఒక్కటైనా ఉందా? లేదు. అన్నీ మా వదినవి. పదకొండేళ్ళుగా ఆవిడ మాటలనే నావని చెప్పుకుని పెద్దమనిషిగా చలామణీ అవుతున్నాను. కరెంటు వచ్చింది, లోపలికి పోయి కూర్చున్నాను, సాయంత్రం దాకా ఒళ్ళు మండుతూనే ఉంది.

వదిన బతికే ఉంది. విరుదునగర్‌లో మా అన్నతో, కూతురితో బాగానే ఉంది. ఆట ముట్టుకుని మూడేళ్ళయింది. ముట్టుకోకపోయినా సరే, ఆ ఆటల సంగతి వస్తే నా తలలో కుర్చీ వేసుకుని కూర్చునేది ఆవిడే. అందుకే ఇది రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఆ మాత్రం ఓర్వలేనితనం నాకు మిగిలే ఉంది.

మా ఊరు కోవిల్‌పట్టికి తూర్పున, నల్లరేగడి పల్లె. ఊరి చుట్టూ తమిళం, మా ఇళ్ళల్లో తెలుగు. మా ఇంటి వెనక పశువుల కొట్టానికి ఆనుకుని ఒక గది ఉంది. అందులో ఉద్దులు, అదే మినుముల మూటలు, పత్తి గోతాలు, ఒక పాత టీవీ. నేను కోవిల్‌పట్టి కాలేజీలో చేరిన ఏడాది గేమ్ పెట్టె తెచ్చుకున్నాను. ఇంట్లో ఆ కత్తుల చప్పుడూ చావు కేకలూ పనికిరావని అమ్మ నన్నూ నా పెట్టెనూ కలిపి ఆ గదిలోకి తోసింది. ఆ గదికి నేనే రాజుననుకున్నాను. అది అసలు ఎవరి గదో నాకు తట్టలేదు.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు నెలకు మూడు రోజులు ఇంటికి దూరం. మా మాటల్లో దాన్ని దూరమనే అంటాం. ఆ మూడు రోజులూ వంటిల్లు తొక్కరు, నీళ్ళ కుండ ముట్టరు. పక్కా పల్లెమూ వేరే. తిండి గడప దగ్గర పెట్టిపోతారు. వాళ్ళు తాకిన వస్తువును నాలుగోనాడు పసుపునీళ్ళు చల్లిగానీ ఇంట్లోకి తీసుకోరు. ఆ వెనక గది అందుకోసం కట్టిందే. అమ్మకు ఆ వయసు దాటిపోయి గది ఖాళీగా పడి ఉంది కాబట్టి నాకు దొరికింది. ఇంతలో అన్నకు పెళ్ళయింది, విరుదునగర్ నుంచి వదిన వచ్చింది. నెల తిరిగేసరికి నన్ను గది ఖాళీ చెయ్యమన్నారు.

సరే, పెట్టె ఎత్తుకుపోయి ఎవరైనా స్నేహితుడి ఇంట్లో ఆడుకుందామని వెళ్ళాను. అమ్మ గడప దగ్గర అడ్డం నిలబడింది.

"ఆ పిల్ల తాకేసిందిరా. ఇంక నాలుగోనాడే దాన్ని తీసేది. అంతవరకు ఆడ్నే ఉండనీ."

లోపలినుంచి వదిన, "నేనేమీ చెయ్యలేదత్తా. చాప పరిచేదానికి సుమ్మ పక్కకు జరిపినాను," అంది. సుమ్మ అంటే మా వైపు ఊరికే అని.

"సుమ్మ జరిపినా తాకినట్టే కదమ్మే."

అంతే, తీర్పు అయిపోయింది. నా కంట్రోలర్ ఆవిడ పక్కన చాప మీద పడి ఉంది. నేను పెరట్లో నిలబడి ఊచల కిటికీలోంచి దాన్ని చూస్తున్నాను. ఒకరోజంతా ఆవిడ దాని జోలికి పోలేదు. రెండోరోజు పొద్దున ఇంకేమీ తోచక కిటికీ దగ్గరికి వచ్చి, "అబ్బయా, ఈ డబ్బా యెట్ల పెట్టేది?" అని అడిగింది. నేను బయటినుంచే చెప్పాను. ఏ మీట ఏమిటో, దూకడం ఎట్లాగో, కొట్టడం ఎట్లాగో. నేర్పింది నేనే, అది గుర్తుంచుకోండి. గురువు కిటికీ బయట ఎండలో, శిష్యురాలు లోపల ఉద్దుల మూటకు ఆనుకుని.

"ఇతను యెవురు?"

"శత్రువు. కొట్టు వదినా."

"యేం చేసినాడు?"

"ఏమీ చెయ్యలేదు. కొడితే కత తెలుస్తుంది."

"యేం చేసినాడో తెలియకుండా యెట్లరా కొట్టేది?"

నాకు నవ్వొచ్చింది. ఇట్లా అడిగే మనిషి ఏం ఆడుతుందిలే అనుకున్నాను. ఆ ఆటలో వంతెన మీద కాపలా ఉండే రాక్షసుడు ఒకడున్నాడు. వాణ్ణి దాటడానికి నాకు ఎనిమిది రోజులు పట్టింది. అరిచాను, కంట్రోలర్ నేలకేసి కొట్టాను, ఒకపూట అన్నం మానేశాను. వదిన మూడోరోజు సాయంత్రం వాణ్ణి పడగొట్టింది. పడగొట్టి, కిటికీ వైపు తిరిగి చాలా మామూలుగా చెప్పింది.

"వాడు కొట్టేముందు కుడి బుజం దించుతుండాడు. నువ్వు చూడలేదా?"

నేను చూడలేదు. ఎనిమిది రోజులు వాడి ముఖం ముందు నిలబడి చచ్చాను గానీ భుజం చూడలేదు. ఆ సాయంత్రం పుట్టిన కుళ్ళు ఇదిగో, ఇవాళ్టికీ చావలేదు.

నాలుగోనాడు వదిన తలకు పోసుకుంది. అమ్మ చెంబులో పసుపునీళ్ళు కలుపుకుని గదిలోకి వచ్చి చాప మీద చల్లింది, దిండు మీద చల్లింది, అదే ఊపులో నా కంట్రోలర్ మీదా చల్లింది. నేను కేకపెట్టేలోపలే అయిపోయింది. మీటలన్నీ అతుక్కుపోయాయి. నేను ఏడుపు ముఖం పెడితే అమ్మ నన్నే తిట్టింది.

"పసుపునీళ్ళు తగిలి చెడిపోయే వస్తువును నేను యాడా చూడలేదురా. మంచి వస్తువు కాదు అది. వేరే కొనుక్కో."

కొత్తది వచ్చాక పెద్ద రాజీ కుదిరింది. అమ్మ చిటికెనవేలు పసుపులో ముంచి కంట్రోలర్ వైరు కొనకు తాకిస్తుంది, దాంతో మొత్తానికి శుద్ధి. రాజీ కుదిర్చింది వదినే. "తలకు చల్లితే ఒళ్ళంతా చల్లినట్టే కదత్తా. దీనికి అదే తల," అంది. అమ్మ ఒప్పుకుంది. అమ్మ నా మాట దేనికీ అంత తొందరగా ఒప్పుకున్నది లేదు.

అక్కడినుంచి వదినకు నెలకు మూడు రోజులు ఆట. నాకు తక్కిన రోజులు. పైకి చూస్తే నాదే పైచెయ్యి. కాని నా రోజులు ఎట్లాంటివి? మొదట్లో కాలేజీ, తర్వాతి ఏళ్ళల్లో ప్రెస్సుకు తిరుత్తంగల్ బస్సు, సాయంత్రం వచ్చి కూర్చుంటే పది నిమిషాలకోసారి అమ్మ పిలుపు. ఉద్దులు ఎండలోంచి తియ్యి, ఆవుకు నీళ్ళు పెట్టు, టౌనుకు పోయి మందు తే. వదినను మాత్రం ఆ మూడు రోజులు పిలిచే ప్రాణి లేదు. పిలిచి ఏం చెప్తారు? ఏదీ తాకకూడదు కదా! సజ్జసంకటి పల్లెంలో పెట్టి గడప దగ్గరికి తెస్తారు. తింటుంది, ఆడుతుంది. నేను చెంబు పట్టుకుని ఆవు దగ్గరికి పోతూ కిటికీలోంచి చూసి కళ్ళల్లో నిప్పులు పోసుకునేవాణ్ణి. నాకా మూడు రోజులు ఎందుకు రాకూడదని నిజంగా అనుకున్నాను, ఒట్టు. తక్కిన ఇరవైఏడు రోజులు ఆవిడ ఎన్నింటికి లేచేదో, ఎప్పుడు నడుం వాల్చేదో మాత్రం నేను ఎన్నడూ ఆలోచించలేదు.

ఆటల అసలు పేర్లు ఆవిడకు అక్కర్లేదు. వంతెన ఆట, మంచు ఆట, గుర్రం ఆట, పాడుకోట ఆట. ఎంత పెద్దదో చెప్పడానికి కూడా ఆవిడ కొలత ఆవిడదే. పెట్టె మీద అరవై గంటల ఆట అని ఉంటే, ఆవిడ తిప్పి చూసి, "ఇది రెండు దూరాల ఆట," అనేది. గుర్రం ఆట అయిదు దూరాలు. మంచు ఆట మూడు దూరాలన్నారు గాని ఒకటిన్నరకే కత అయిపోయింది, మిగిలిందంతా సుమ్మ తిప్పుతుండారు అని కొట్టిపారేసింది. తర్వాత నేను ఆడి చూశాను. సరిగ్గా సగం దగ్గరే కథ అయిపోయింది. ఒక్కసారైనా ఆవిడ అంచనా తప్పాలని ఎంత కోరుకున్నానో!

ఆవిడ అభిప్రాయాలు చిన్న చిన్న మాటల్లో వచ్చేవి, అదీ ఆడుతూనే, నా వైపు చూడకుండా. గుర్రం ఆటలో ఒక పెద్ద పట్నం ఉంది. దాన్ని చూసి ప్రపంచమంతా మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను. వదిన ఆ పట్నంలో కత్తి తియ్యకుండా ఒక పూటంతా నడిచింది. సందులు, సత్రాలు, సంత, అన్నీ చూసింది. చివరికి ఒకటే మాట.

"ఇన్ని ఇండ్లు కట్టినారు, ఒక్క బావి లేదు. వీళ్ళు యేం తాగుతారు?"

"ఆటలో ఎవరు తాగుతారు వదినా?"

"తాగేవాళ్ళు లేకపోతే ఊరెందుకు?"

విరుదునగర్‌లో బిందె పట్టుకుని లారీ కోసం నిలబడి పెరిగిన మనిషి మరి. నేను రెండు రోజులు ఆ పట్నమంతా వెతికాను, ఒక్క బావైనా చూపించి ఆవిడ నోరు మూయించాలని. లేదు. నిజంగానే లేదు. అదే మాటను వారం తర్వాత కాలేజీలో స్నేహితుల ముందు నా సొంత ఆలోచనలాగా చెప్పాను. వాళ్ళు నోళ్ళు తెరిచారు. వాళ్ళల్లో ఇద్దరు నా ఆట చూస్తామని ఇంటికి వచ్చారు. ఆ రోజు వదిన దూరం. వాళ్ళిద్దరూ పెరట్లో కిటికీ ముందు నిలబడి ఆవిడ ఆట చూశారు, మూడు గంటలు. బయల్దేరేటప్పుడు నాతో, "మీ వదిన నీకన్నా బాగా ఆడుతుందిరా," అన్నారు. తెలుసు, నాకు చెప్పాలా?

మందుల సంగతి ఒకటి. ఈ ఆటల్లో గాయాలు మానే మందు సీసాలు దొరుకుతాయి. నేను అవన్నీ ముందెప్పుడో పెద్ద కష్టం వస్తుందని దాచుకుంటాను. ఆట అయిపోయేసరికి నా సంచిలో తొంభై సీసాలుంటాయి. వదిన దొరికింది దొరికినట్టు వాడేసేది. నేను మందలించాను. "దెబ్బ తగిలినప్పుడు తాగకుండా దాచిపెట్టి యెవురికి పెడతావు?" అంది. ఇప్పుడు ప్రెస్సులో కొత్తగా ఆడేవాళ్ళకు నేను మొట్టమొదట ఇచ్చే సలహా అదే.

ఆవిడ తప్పులు చెయ్యలేదని కాదు. ఒకటి చేసింది, దాన్ని నేను ఏళ్ళ తరబడి దెప్పాను. రోల్ ప్లేయింగ్ ఆటల్లో మన వెంట నడిచే మనుషులుంటారు. వాళ్ళను వదిన ఊరికే వదిలేది కాదు, వరస కలిపి పిలిచేది. కత్తి నేర్పే ముసలాయన మామ, దుకాణం ఆవిడ పిన్ని, వెంట వచ్చే విలుకాడు అన్న. మంచు ఆటలో ఆ విలుకాడితో పెళ్ళి జరిగితేనే ఆటలోకెల్లా గట్టి కవచం దొరుకుతుంది. అతను వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని అడిగాడు. ఒప్పుకుంటావా, లేదా అని తెర మీద రెండు మాటలు వచ్చాయి. వదిన కంట్రోలర్ కింద పెట్టేసింది.

"ఛీ ఛీ, యేమిరా ఇది! ఇన్నాళ్ళు అన్నా అన్నా అని పిలిచినానే!"

"అతనికి వినపడలేదు వదినా! కవచం పోతుంది, ఒప్పుకో!"

"నాకు వినపడింది కదా."

లేదన్న మాట నొక్కింది. అతను విల్లు భుజాన వేసుకుని ఆటలోంచే వెళ్ళిపోయాడు. కవచం లేకుండా, తోడు లేకుండా ఆట చివరిదాకా పోయింది. ఎంత పొరపాటు! నేను పడి పడి నవ్వాను. నేను ఆ విలుకాణ్ణి పెళ్ళాడి, కవచం తొడుక్కుని కూడా చివరి రాక్షసుడి చేతిలో పదకొండుసార్లు చచ్చాను. ఆవిడ నాలుగోసారికి గెలిచింది. ఆ పదకొండు ఆవిడకు ఇప్పటికీ తెలియదు.

కూతురు కడుపున పడ్డప్పుడు, పుట్టి పాలు తాగినన్నాళ్ళు వదినకు దూరం లేదు, ఆట లేదు. ఒకటిన్నర ఏడాది గది నాదే. ఆ ఒకటిన్నర ఏడాదిలో నేను ఒక్క ఆట గురించైనా కొత్త మాట చెప్పలేకపోయాను. చెప్పడానికి ఏముంటుంది, కిటికీలోంచి ఏదీ వినపడటం లేదు కదా. మళ్ళీ దూరమైన నెల ఆవిడ పాపను అమ్మకు అప్పజెప్పి గదిలోకి వచ్చి చాప పరిచి, "అబ్బా!" అని కూర్చున్న తీరు నాకు గుర్తుంది. నేను అప్పుడే ఒక ఆట మొదలుపెట్టి మధ్యలో ఉన్నాను. లేచి బయటికి వచ్చి తలుపు గట్టిగా వేశాను.

ఆవిడ దగ్గర నేను ఎత్తుకుపోయిన వాటిలో అన్నిటికన్నా పెద్దది ఇంకొకటి. తర్వాతి సంవత్సరాల్లో వదిన కష్టమైన చోట ఆటను పాజ్‌లో పెట్టి, కళ్ళు మూసుకుని, మూటకు తల ఆనించి కాసేపు కదలకుండా ఉండేది. ఒకోసారి అయిదు నిమిషాలు, ఒకోసారి పది. తర్వాత కళ్ళు తెరిచి ఆడితే గెలుపే. ఓహో, ఇదన్నమాట రహస్యం అనుకున్నాను. మనసులో యుద్ధమంతా ముందే ఆడి చూసుకుంటోంది! నేనూ అట్లాగే కళ్ళు మూసుకోవడం మొదలుపెట్టాను. ప్రెస్సులో నలుగురికి నేర్పాను కూడా, పెద్ద రాక్షసుడి ముందు ఆట ఆపి కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు ఊపిరి పీల్చండి అని. వాళ్ళు ఇప్పటికీ చేస్తున్నారు.

అది నొప్పి. కడుపులో గడ్డ. రక్తం విపరీతంగా పోతోందని, నాలుగోనాటికీ ఆగడం లేదని అమ్మకు తెలుసు, అన్నకు తెలుసు. ఆలంగుళం సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే అన్న వారానికోసారి వచ్చి, పదా డాక్టర్ దగ్గరికి పోదాం అని బతిమాలేవాడు. నెలకు మూడు రోజులు ఆవిడ ముఖం ముందే నిలబడ్డవాణ్ణి నేను. నాకు తెలియలేదు. నేను చూసింది చేతులను.

విరుదునగర్‌లో డాక్టరమ్మ గర్భసంచి తీసెయ్యాలంది. తేదీ పెట్టారు. మా వీధి ఆడవాళ్ళంతా వచ్చి, నీకు విడుదల పిల్లా, ఇంక యే కష్టమూ లేదు, నెలనెలా వెనకింట్లో పడుండే పనీ లేదు అని వదినను అదృష్టవంతురాలిని చేసి పోయారు. ఆవిడ అందరికీ కాఫీ ఇచ్చింది. గ్లాసులు తియ్యడానికి పెరట్లోకి వచ్చి, నాతో మాత్రం వేరే మాట అంది.

"ఇంక ఒక్క దూరం ఉండాది, అబ్బయా. పాడుకోట ఆటకు సరిపోతాది."

పాడుకోట ఆట. మేమిద్దరం చెరొక సేవ్‌తో, అంటే ఎవరు ఆగిన చోటు వాళ్ళకు విడిగా దాచుకుని, ఏడాదిగా ఆడుతున్న ఆట అది. కోట చుట్టూ పన్నెండు ఊళ్ళు. లోపల ఉన్నవాళ్ళు బయటికి రాకూడదని వందేళ్ళ కిందట కోట తలుపులు మూసేశారు. మన మనిషి ఆ ఊళ్ళన్నీ తిరిగి, లోపల ఎవరున్నారో తెలుసుకుని, చివరికి తలుపు ముందుకు చేరాలి. వదిన పన్నెండు ఊళ్ళలో ప్రతి గడపా తొక్కింది. ఆవిడ ఆ తలుపు ముందుకు వచ్చి ఆగింది అంతకుముందు దూరంలో, మూడోనాటి సాయంత్రం. మిగిలిన ఆఖరి భాగం ఇంకో గంటలో అయిపోయేది. "కడాసిది వచ్చే నెలకు ఉండనీ," అని టీవీ ఆపేసింది. నేనా, తొమ్మిదో ఊరిలో ఒక రాక్షసుడి దగ్గర నెల రోజులుగా చస్తూ పడి ఉన్నాను.

ఎవరూ ఇంట్లో లేని ఒక ఆదివారం మధ్యాహ్నం నేను నా సేవ్ తెరిచాను. ఆరుసార్లు చచ్చాను. ఏడోసారి నాది మూసి ఆవిడది తెరిచాను. ఊరికే చూద్దామని, అంతే, అని నాకు నేనే చెప్పుకున్నాను. తలుపు ముందు ఆవిడ మనిషి నిలబడి ఉంది. పాత డాలు, రెండే మందు సీసాలు. తలుపు తెరిస్తే వెనక్కి రాలేవు అని తెర మీద వచ్చింది. ఆ మాట నేను చదివాను. చదవలేదని అబద్ధం చెప్పను. ఎన్నేళ్ళు ఆవిడ వెనక నిలబడి చూశాను, ఒక్కసారి, ఒకే ఒక్కసారి ఆవిడకన్నా ముందు నేను చూస్తే ఏమవుతుంది అనిపించింది. తెరిచాను.

లోపలి యుద్ధం నేను గెలవడం కూడా గెలుపు కాదు. ఆవిడ పెంచిన బలంతో గెలిచాను. ఆ తర్వాత, కోట తలుపులు ఊళ్ళకు తెరవాలా, మళ్ళీ మూసెయ్యాలా అని ఆట అడిగింది. ఇద్దరు ముసలివాళ్ళు ఏదో పొడుగ్గా మాట్లాడారు. నాకు ఆగే ఓపిక లేదు. ముగింపు చూడాలన్న తొందరలో ఏదో ఒకటి నొక్కాను. మబ్బులు, పాట, పేర్లు. పేర్లు అయిపోగానే ఆట ఆవిడ మనిషిని మొదటి ఊరి పొలిమేరలో కొత్తగా నిలబెట్టి, దానంతట అదే సేవ్ చేసేసుకుంది. వెనక్కి పోయే దారి వెతికాను. లేదు.

వదిన దూరమైన రోజు నేను ప్రెస్సులో పని ఎక్కువని చెప్పి ఇంటికి రాలేదు. రెండోరోజు మధ్యాహ్నం తప్పక వచ్చాను. పెరట్లోకి పోయాను. టీవీ వెలుగుతోంది, చప్పుడు లేదు. తెర మీద ఆ మొదటి ఊరి పొలిమేర, కదలకుండా. వదిన ముఖం సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ముగించేసినావా?"

నేను తల ఊపాను.

"తెరిచినావా, మూసినావా?"

"ఏంది వదినా?"

"కోట తలుపులు. లోపలివాళ్ళను వదిలినావా?"

"తెలీదు వదినా. ఏదో ఒకటి నొక్కినాను."

ఆవిడ నన్ను చాలాసేపు చూసింది. ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్ను అట్లా చూడలేదు. కోపం కాదు. ఎనిమిది రోజులు ఎదురుగా నిలబడి రాక్షసుడి భుజం చూడలేదని తెలిసినప్పుడు చూసినట్టు కూడా కాదు. ఇంత తిండి పెట్టి పెంచిన మనిషికి ఇంతే బుద్ధి ఉందా అన్నట్టు.

"సరి," అంది.

"ఇంకా ఒకటిన్నర రోజు ఉంది కదా వదినా. మళ్ళీ మొదట్నుంచి మొదలుపెట్టు. నేను కష్టమైన చోట్లన్నీ..."

"మొదలుపెట్టి? యెప్పుడు ముగించేది?"

టీవీ ఆపేసి చాప మీద అటు తిరిగి పడుకుంది. ఆ ఒకటిన్నర రోజు గదిలోంచి ఏ చప్పుడూ రాలేదు. అమ్మ పల్లెం పెట్టిపోవడం, తీసుకుపోవడం, అంతే.

ఆపరేషన్ బాగానే జరిగింది. అన్న విరుదునగర్‌లో ఇల్లు తీసుకుని వాళ్ళను అక్కడికి మార్చాడు. పోయిన ఏడాది నేను వెళ్ళినప్పుడు అన్నే నా ముందు అన్నాడు, "దానికి ఒక గేమ్ పెట్టె కొనిస్తానంటే వొద్దంటుందిరా. యెప్పుడంటే అప్పుడు ఆడుకోమంటున్నాను, యెవురు వొద్దన్నారు?" అని. వదిన పొయ్యి దగ్గర్నుంచే నవ్వింది. "ఇంట్లో పని పెట్టుకొని యెట్ల కూర్చునేది? చెయ్యి ఖాళీగా ఉంటే కదా," అంది. అన్నకు అర్థం కాలేదు. నాకు అయింది. ఎవరూ వద్దనకపోవడం వేరు, ఎవరూ పిలవకపోవడం వేరు. ఆ రెండోది ఆవిడకు నెలకు మూడు రోజులే ఉండేది, అదీ తీసేశారు. దాని చివరి ముక్క నేను తిన్నాను.

ఆపరేషన్ కోసం విరుదునగర్‌కు బయల్దేరిన పొద్దున సంగతి చెప్పి ముగిస్తాను. నాలుగోనాడు. వదిన తలకు పోసుకుని, తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని పెరట్లోకి వచ్చింది. వీధిలో కారు వచ్చి ఉంది, అన్న సామాను పెడుతున్నాడు, పాప ఏడుస్తోంది. అమ్మ పసుపువేలు వైరు కొనకు తాకించి పోయింది. వదిన గదిలోకి పోయి కంట్రోలర్ తెచ్చి, వైరు చుట్టి నా చేతిలో పెట్టింది.

"ఇంక నువ్వు కాచుకొని నిలబడే పని లేదు, అబ్బయా. అన్ని దినాలూ నీవే."

ఎత్తిపొడుపు కాదు. నా మేలు కోరే చెప్పింది, గొంతు నాకు తెలుసు. అంటే ఆ ఎనిమిదేళ్ళూ నేను కిటికీ బయట ఎందుకు నిలబడ్డానో ఆవిడకు తెలుసు. తెలిసే నాతో మాట్లాడుతూ ఆడింది. కారు కదిలింది. ఆవిడ కడుపు కోయించుకోవడానికి పోతోంది, నేను కంట్రోలర్ పట్టుకుని మా ఇంటి ముందు నిలబడి ఉన్నాను. అప్పుడు నాకు మొట్టమొదట కలిగింది భయం కాదు, సిగ్గు కూడా కాదు. అవన్నీ తర్వాత వచ్చాయి. మొదట నాకు సంతోషం కలిగింది.